స్పోర్ట్స్ సెడాన్‌ను కిందికి దించడం: చూపుకి ఒక లెక్క, ట్రాక్‌కి ఇంకో లెక్క

ఆగి ఉన్న బండి అందంగా కనబడాలంటే టైరుకీ ఫెండర్‌కీ మధ్య సందు తగ్గాలి. అదే బండి ట్రాక్ మీద మలుపుల్లో నిలదొక్కుకోవాలంటే చక్రం పైకీ కిందికీ ఆడడానికి చోటు మిగలాలి. మొదటి 15, 20 మిల్లీమీటర్ల దాకా ఈ రెండు కోరికలూ కలిసే నడుస్తాయి. ఆ తర్వాత ఒకటి ఇంకోదాని నోటి ముద్ద లాక్కోవడం మొదలుపెడుతుంది. బండిని దించితే చాలు, హ్యాండ్లింగ్ దానంతటదే బాగుపడుతుందనే నమ్మకం చాలామందిలో ఉంది. ముందు దాన్ని లెక్కతో తూచి చూడాలి.

1650 కిలోల సెడాన్ అనుకోండి. గురుత్వ కేంద్రం నేల నుంచి 540 మి.మీ. ఎత్తులో ఉంది, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 1580 మి.మీ. 1 జీ మలుపులో (పక్కకి లాగే బలం బండి బరువంత ఉన్నప్పుడు) లోపలి టైర్ల మీంచి బయటి టైర్ల మీదికి మారే బరువు 1650 × 540 ÷ 1580, అంటే సుమారు 564 కిలోలు. బండిని 25 మి.మీ. దించాక అదే లెక్క వేస్తే 538 వస్తుంది. తగ్గింది 26 కిలోలు, అయిదు శాతం కూడా లేదు. ఆ కాస్త లాభానికి చక్రం ట్రావెల్‌లో, అంటే అది పైకి కదలగల దూరంలో, 25 మి.మీ. ఖర్చయిపోయింది. ట్రాక్ మీద సమయం తగ్గించేది ప్రధానంగా గట్టి స్ప్రింగ్, దానికి సరిపోయే డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్, కింద షాక్ అన్నదీ ఇదే), బయటి టైరు నేలకి పూర్తిగా ఆనేలా పెట్టిన క్యాంబర్ (చక్రం నిలువుకి ఎంత వాలి ఉందో ఆ కోణం; పై అంచు లోపలికి వాలితే నెగటివ్, అంటే మైనస్). ఎత్తు ఎప్పుడూ ఆ మూడింటినీ అనుసరించి రావాలి.

ముందు టేపు పట్టుకోండి

నేల నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచే అలవాటు మానేయండి. టైరు అరిగినా గాలి తగ్గినా ఆ అంకె మారిపోతుంది. హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మధ్య బిందువు నుంచి నిలువుగా పైకి ఫెండర్ అంచు దాకా కొలవండి. సమతలంగా ఉన్న నేల మీద, ట్యాంకు సగం నింపి, డిక్కీ ఖాళీ చేసి, బండిని చేత్తో ఒక మీటరు ముందుకీ వెనక్కీ దొర్లించాకే కొలవాలి. జాక్ మీంచి దించిన వెంటనే టైర్లు పక్కకి పట్టి ఉంటాయి కాబట్టి బండి నిజమైన ఎత్తుకి దిగదు. నాలుగు మూలల అంకెలూ కాగితం మీద రాసుకోండి. తర్వాత బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు గొట్టాలు) బిగించేటప్పుడు ఈ కాగితమే ఆధారం.

రెండో కొలత ఇంతకంటే ముఖ్యమైనా దాన్ని తీసేవాళ్లు తక్కువ. షాక్ రాడ్‌కి ఒక చిన్న జిప్ టై బిగించి, డస్ట్ బూట్ పైకి నెట్టి, టైని షాక్ బాడీకి ఆనేలా కిందికి జరపండి. మామూలు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రండి. టై ఎక్కడ ఆగిందో చూస్తే షాక్ ఎంత లోపలికి వెళ్లిందో, బంప్ స్టాప్ (షాక్ ప్రయాణాన్ని చివర్లో ఆపే ముక్క) తగలడానికి ఇంకా ఎంత మిగిలిందో కంటికి కనబడుతుంది. గట్టి స్పోర్ట్స్ సెడాన్లలో కొన్నిటికి ఫ్యాక్టరీ ఎత్తులోనే షాక్ బాడీకీ బంప్ స్టాప్‌కీ మధ్య ఖాళీ 25 నుంచి 35 మి.మీ. మించి ఉండదు. అలాంటి బండిని షాక్ మార్చకుండా 40 మి.మీ. దించితే అది ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు కూడా బంప్ స్టాప్ మీదే కూర్చుని ఉంటుంది.

బంప్ స్టాప్ అనేది నురుగులాంటి పాలీయురెథేన్ ముక్క. కాస్త నొక్కితే మెత్తగా ఉంటుంది, ఇంకా నొక్కేకొద్దీ రాయిలా బిగుసుకుంటుంది. మలుపు మధ్యలో ముందు చక్రం దాన్ని గట్టిగా తన్నిందంటే ఆ మూలలో స్ప్రింగ్ ఒక్కసారిగా అయిదారు రెట్లు గట్టిపడ్డట్టే. బయటి ముందు టైరు మీద బరువు ఎగదన్నుతుంది, పట్టు పోతుంది, స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికే వెళ్తుంది. వెనక చక్రానికి ఇదే జరిగితే తోక తిరుగుతుంది, సర్దుకునే సమయం కూడా ఇవ్వదు. బండి మలుపులో మొదట బాగానే ఉండి మధ్యలో హఠాత్తుగా మాట వినడం మానేస్తే, యాంటీ రోల్ బార్ (ఎడమ కుడి చక్రాలని కలుపుతూ బాడీ వాలడాన్ని తగ్గించే కడ్డీ) మార్చే ముందు జిప్ టై చూడండి.

చూపు కోసమైతే

ఇక్కడ 15 నుంచి 25 మి.మీ. మంచి పరిధి. 30 దాటితే రోజువారీ వాడకంలో ప్రతి ఎత్తుపల్లం గుర్తొస్తూనే ఉంటుంది. ఐబాక్ ప్రో-కిట్ లాంటి లోయరింగ్ స్ప్రింగ్‌లు ఇలా కొద్దిగా దించడం కోసమే తయారైనవి. ప్రోగ్రెసివ్ చుట్లతో వస్తాయి కాబట్టి చిన్న గతుకుల్లో మెత్తగా ఉంటూ, నొక్కేకొద్దీ గట్టిపడతాయి.

స్ప్రింగ్ మార్చి పాత షాక్‌లు వదిలేయొచ్చా అనే ప్రశ్న ఎప్పుడూ వస్తుంది. 15 మి.మీ. దించుతూ, షాక్‌లు కొత్తగా ఉంటే వదిలేయొచ్చు. అంతకు మించితే పొట్టి రాడ్ ఉన్న షాక్ వేయాలి. బిల్‌స్టీన్‌లో బి6 ఫ్యాక్టరీ పొడవుది, బి8 దించిన బండి కోసం పొట్టిగా చేసినది. పొట్టి స్ప్రింగ్‌కి బి6 జత చేస్తే జాక్ ఎత్తినప్పుడు స్ప్రింగ్ సీటులో వదులుగా ఆడుతుంది, దిగేటప్పుడు పక్కకి జరిగి కూర్చుంటుంది. పైగా గట్టి స్ప్రింగ్ తిరిగి చాచుకునే బలాన్ని ఆపేంత రీబౌండ్ పాత షాక్‌లో ఉండదు. స్ప్రింగ్ 30 శాతం గట్టిపడితే డ్యాంపింగ్ సుమారు 14 శాతం పెరగాలి, ఎందుకంటే అది స్ప్రింగ్ రేటు (గట్టిదనం) వర్గమూలంతో పాటు నడుస్తుంది. పెరగకపోతే ప్రతి గతుకు తర్వాత బండి రెండు మూడుసార్లు ఊగుతుంది.

ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు ఉన్న బండికి మామూలు షాక్ వేస్తే డాష్‌బోర్డ్‌లో హెచ్చరిక వెలుగుతుంది, దాన్ని ఆపడానికి వేరే మాడ్యూల్ కావాలి. ఆ డ్యాంపర్లని అలాగే ఉంచి ఎత్తు మాత్రం సర్దుకోవడానికి కేడబ్ల్యూ హెచ్‌ఏఎస్ లాంటి కిట్‌లు ఉన్నాయి. స్ప్రింగ్ కింద మరలున్న రింగు వస్తుంది, కావలసినంతే దించుకోవచ్చు. చూపు కోసం దించేవాళ్లకి ఇది అన్నిటికంటే తెలివైన దారి.

కంటికి సంబంధించిన ఒక చిక్కు కూడా ఉంది. ముందు, వెనక వీల్ ఆర్చ్‌లు ఒకే ఎత్తులో ఉండవు. ముందూ వెనకా సందు సమానంగా కనబడేలా సర్దితే చాలా సెడాన్లలో తోక ముక్కు కంటే కిందికి దిగిపోతుంది. బాడీ కింద అంచు మీద లెవెల్ పెట్టి చూసుకోండి. ముక్కు 5 నుంచి 10 మి.మీ. కిందికి ఉండటమే చూపుకీ వేగానికీ మంచిది.

ఇంకా కిందికి కనబడాలనిపిస్తే దించడం ఆపి స్పేసర్ (చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే బిళ్ల) ఆలోచించండి. చక్రం ముఖం ఫెండర్ అంచుకి దగ్గరగా వస్తే సందు నీడ తగ్గి బండి మరింత కిందికి ఉన్నట్టు కనబడుతుంది. 20 మి.మీ. దించి 10 మి.మీ. స్పేసర్ వేసిన బండి, 40 మి.మీ. దించి చక్రాలు లోపలికి ముడుచుకున్న బండి కంటే నిండుగా ఉంటుంది. స్పేసర్ హబ్ మీద కచ్చితంగా కూర్చునే రకమే తీసుకోవాలి. బోల్టులు స్పేసర్ మందం ఎంతో అంత పొడవైనవి వేయాలి. మర పట్టిన లోతు కనీసం బోల్టు వ్యాసమంత ఉండాలి, అంటే 14 మి.మీ. బోల్టుకి 14 మి.మీ.

ఇక ముక్కు కింద ఎంత మిగిలిందో చూడాలి. ముందు చక్రం నేలని తాకే చోటు నుంచి బంపర్ అంచు 850 మి.మీ. ముందుకి ఉండి, కింద 120 మి.మీ. ఖాళీ ఉంటే బండి ఎక్కగల వాలు 8 డిగ్రీలు. 30 మి.మీ. దించితే అది 6 డిగ్రీలకి పడిపోతుంది. బేస్‌మెంట్ ర్యాంపులు ఎక్కే బండికి ఈ రెండు డిగ్రీలే బంపర్ ఉంటుందో ఊడుతుందో తేలుస్తాయి.

స్ప్రింగ్ చుట్టు కోసి దించడం, వేడి చేసి కుంగదీయడం రెండూ చేయొద్దు. కోసిన కొస సీటు గాడిలో కూర్చోదు. వేడి తగిలిన ఉక్కు పదును పోగొట్టుకుని కొన్ని నెలల్లో ఇంకా కుంగుతుంది, లేదా విరుగుతుంది. విరిగిన కొస టైరు వైపే పొడుచుకొస్తుంది.

ట్రాక్ కోసమైతే

ఇక్కడ ఎత్తు చివర్లో తేలే అంకె. మొదట స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలో తేల్చాలి. దానికి బండి ఊగే వేగాన్ని, అంటే సెకనుకి ఎన్ని ఊపులో చూస్తారు. రోడ్డు బండ్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. రోడ్డు నంబరుతోనే ట్రాక్‌కి వెళ్లే సెడాన్‌కి 1.8 నుంచి 2.2 మంచి చోటు. రెక్కలతో నేలకి అదుముకునే రేస్ బండ్లు ఇంకా పైకి వెళ్తాయి, వాటి లెక్క వేరు.

ఒక మూల లెక్క చేసి చూద్దాం. ముందు చక్రం మీద బరువు 420 కిలోలు. అందులో చక్రం, బ్రేకు, హబ్ కలిసి 50 తీసేస్తే స్ప్రింగ్ మోసేది 370. 2 హెర్ట్జ్ కావాలంటే చక్రం దగ్గర గట్టిదనం (2 × 3.1416 × 2)² × 370, అంటే మీటరుకి 58,400 న్యూటన్లు, మి.మీ.కి 58. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో (స్ప్రింగ్, షాక్ ఒకే స్తంభంగా హబ్‌కి బిగిసే రకం) చక్రం 1 మి.మీ. కదిలితే స్ప్రింగ్ దాదాపు 0.95 మి.మీ. కదులుతుంది. ఆ నిష్పత్తి వర్గంతో భాగించాలి కాబట్టి 58 ÷ 0.9, సుమారు 65 న్యూటన్ల స్ప్రింగ్. వెనక స్ప్రింగ్ ఆర్మ్ మధ్యలో కూర్చునే డిజైన్ అయితే నిష్పత్తి 0.6 దాకా పడిపోతుంది, వర్గం 0.36. చక్రం దగ్గర 62 కావాలంటే స్ప్రింగ్ 172 ఉండాలి. వెనక స్ప్రింగ్ మీద అంత పెద్ద అంకె చూసి కంగారు పడి తగ్గించేవాళ్లు ఈ భాగహారం మర్చిపోయినవాళ్లే. పెట్టె మీద మి.మీ.కి ఇన్ని కిలోలని రాసి ఉంటే 9.81తో గుణిస్తే న్యూటన్లు వస్తాయి.

ఇంత గట్టి స్ప్రింగ్‌కి డ్యాంపర్ కూడా అదే తరగతిది కావాలి. కేడబ్ల్యూ వేరియంట్ 3లో కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి నిరోధం), రీబౌండ్ (చాచుకునేటప్పటిది) విడివిడిగా సర్దుకోవచ్చు. ఓలిన్స్ రోడ్ అండ్ ట్రాక్‌లో ఒకే మర రెండింటినీ కలిపి మారుస్తుంది. క్లిక్కులు ఎప్పుడూ పూర్తిగా బిగించిన చోటు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. తయారీదారు చెప్పిన చోట మొదలుపెట్టి, ఒకసారికి రెండు క్లిక్కులు, ఒక యాక్సిల్ మాత్రమే మార్చండి. రెండు యాక్సిళ్లూ ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తేలదు.

ఎత్తు నిర్ణయించేది లోయర్ ఆర్మ్ (హబ్‌ని కిందివైపు బండి చట్రానికి కలిపే కడ్డీ) కోణం. బీఎండబ్ల్యూ ఎం3 తరహా స్ట్రట్ ముందు సస్పెన్షన్‌లో ఇది ప్రాణం లాంటి విషయం. బండి నేల మీద ఉండగా ఆర్మ్ లోపలి బుష్ మధ్య బిందువు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, బయటి బాల్ జాయింట్ (ఆర్మ్‌ని హబ్‌కి కలిపే గుండు కీలు) మధ్య బిందువు ఎంత ఎత్తులో ఉందో కొలవండి. బాల్ జాయింట్ కిందికి గానీ సమానంగా గానీ ఉంటే సరే. బుష్ కంటే పైకి వెళ్లిందంటే అతిగా దించారు. అప్పుడు రెండు నష్టాలు ఒకేసారి మొదలవుతాయి.

ఒకటి, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ పక్కకి వాలుతుందో అది) కుప్పకూలుతుంది. గురుత్వ కేంద్రం 25 మి.మీ. దిగేలోపు స్ట్రట్ బండిలో రోల్ సెంటర్ దానికి రెట్టింపు దాకా దిగగలదు. ఆ రెండింటి మధ్య దూరమే బాడీని పక్కకి వంచే మీట. మీట పొడవైంది కాబట్టి బండి కిందికి దిగి కూడా మునుపటికంటే ఎక్కువ వాలుతుంది. కాస్త గట్టి లోయరింగ్ స్ప్రింగ్ ఇచ్చిన లాభాన్ని ఇది తినేస్తుంది. రెండు, ఆర్మ్ పైకి వాలాక చక్రం నొక్కుకున్నప్పుడు నెగటివ్ క్యాంబర్ పెరగడం తగ్గిపోయి, చివరికి వెనక్కి తిరుగుతుంది. బయటి టైరుకి క్యాంబర్ అవసరమైన క్షణంలోనే అది పోతుంది. ఆల్ఫా రోమియో జూలియా క్వాడ్రిఫోల్యోలా ముందు డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్మ్‌లు) ఉన్న బండి ఈ విషయంలో మరికొంత ఓర్చుకుంటుంది. స్ట్రట్ బండికి మందు పొడవైన పిన్ ఉన్న బాల్ జాయింట్, లేదా హబ్‌కీ ఆర్మ్‌కీ మధ్య వచ్చే రోల్ సెంటర్ కిట్. అది దొరకకపోతే 15 మి.మీ. పైకి ఎత్తండి. చూపుకి కాస్త వెలితి, ల్యాప్‌కి మేలు.

బాల్ జాయింట్‌ని దించితే టై రాడ్ (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) కోణం ఆర్మ్‌తో తేడా పడుతుంది, బంప్ స్టీర్ వస్తుంది. గతుకు తగిలినప్పుడల్లా చక్రం దానంతటదే తిరుగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు అటూ ఇటూ వెతుక్కుంటుంది. పరీక్ష కష్టమేం కాదు. స్ట్రట్ నుంచి స్ప్రింగ్ తీసేసి స్ట్రట్‌ని మాత్రం తిరిగి బిగించండి. యాంటీ రోల్ బార్ లింక్ విప్పండి. స్టీరింగ్‌ని సూటిగా ఉంచి కదలకుండా కట్టేయండి. హబ్ మీద చదునైన పలక బిగించి దానికి రెండు డయల్ గేజ్‌లు ఆనించండి. నడిచే ఎత్తు నుంచి జాక్‌తో హబ్‌ని 10 మి.మీ. చొప్పున పైకీ కిందికీ కదుపుతూ టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం) రాసుకోండి. 25 మి.మీ. ప్రయాణానికి మార్పు 0.1 డిగ్రీ లోపు ఉంటే నిశ్చింత. ఎక్కువగా ఉంటే టై రాడ్ బయటి జాయింట్ దగ్గర 5 మి.మీ. చొప్పున స్పేసర్ మార్చి మళ్లీ కొలవాలి.

బిగించే పని

కాంక్రీటు నేల, నాలుగు స్టాండ్‌లు, టార్క్ రెంచ్, మంచి స్ప్రింగ్ కంప్రెసర్, స్ట్రట్ పై నట్టుకి మధ్యలోంచి హెక్స్ కీ దూరే సాకెట్. బండి బరువు జాక్ మీద ఒక్క క్షణం కూడా వదలొద్దు. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన తెరిచి ఉంచండి. బిగించే టార్క్ బండిబండికీ మారుతుంది. జర్మన్ సెడాన్లలో సాగదీసి బిగించే బోల్టులు చాలా ఉంటాయి, వాటిని ఒకసారి విప్పితే కొత్తవి వేయాల్సిందే.

1. చక్రం తీశాక స్ట్రట్‌కీ హబ్‌కీ మధ్య తెల్ల పెయింట్‌తో గుర్తు పెట్టండి. ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం క్లిప్పులు, ఎత్తు సెన్సర్ లింక్ విప్పండి. చాలామంది సెన్సర్ లింక్ మర్చిపోయి హబ్ కిందికి వదిలేటప్పుడు దాన్ని విరగ్గొడతారు.

2. యాంటీ రోల్ బార్ లింక్‌లు రెండు వైపులా విప్పాలి. ఒకవైపే విప్పితే బార్ అవతలి చక్రాన్ని పట్టుకుని వడితిరిగి ఉంటుంది, బోల్టు తీసిన క్షణం ఎగురుతుంది.

3. క్యాలిపర్ తీయాల్సి వస్తే తీగతో కట్టి వేలాడదీయండి, గొట్టం మీద బరువు పడకూడదు. హబ్‌ని పూర్తిగా కిందికి వేలాడనివ్వొద్దు, కింద జాక్ ఆసరా పెట్టండి. డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ అతిగా లాగితే లోపల ఊడుతుంది.

4. కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు పట్టేలా పెట్టి, రెండు వైపులా సగం సగం తిప్పుతూ సమానంగా నొక్కండి. స్ప్రింగ్ సీటులోంచి వదులైందని చేత్తో తిప్పి నిర్ధారించుకున్నాకే పై నట్టు ముట్టాలి. ముఖం స్ప్రింగ్ కొసకి ఎదురుగా పెట్టొద్దు.

5. పై నట్టుకి ఇంపాక్ట్ గన్ వాడొద్దు. రాడ్ గిర్రున తిరిగితే పిస్టన్, సీల్ పాడవుతాయి, ఆరు నెలల తర్వాత నూనె కారుతుంది. రాడ్‌ని హెక్స్ కీతో ఆపి చేత్తో బిగించండి.

6. కొత్త స్ప్రింగ్ కొస సీటు గాడిలో ఆఖరిదాకా ఆని ఉండాలి. వేలు పెట్టి తడిమి చూడండి. బంప్ స్టాప్ కోయమని కిట్‌లో రాసి ఉంటే చెప్పినంతే, చెప్పిన వైపు నుంచే కోయాలి. సన్నటి కొనవైపు కోస్తే దాని మెత్తటి భాగం పోయి మొదటి తాకిడే రాయిలా తగులుతుంది.

7. కాయిలోవర్ (ఎత్తు సర్దుకోగల స్ప్రింగ్, షాక్ జత) అయితే ఎత్తుని పెర్చ్ రింగుతోనా (స్ప్రింగ్ కూర్చునే మర రింగు), కింది బ్రాకెట్‌తోనా మార్చేది ముందే తెలుసుకోండి. కింది బ్రాకెట్ తిరిగే రకంలో ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే నొక్కి ఉంచిన మోతాదు) అలాగే ఉంటుంది, బంప్ ట్రావెల్ తగ్గదు. అయితే టైరు ఫెండర్‌కి తగలకుండా ఆపేది కూడా ఏమీ ఉండదు, అది మీరే చూసుకోవాలి. వెనక నిష్పత్తి గుర్తుంచుకోండి: 0.6 ఉన్నచోట పెర్చ్ 3 మి.మీ. తిప్పితే ఫెండర్ దగ్గర 5 మి.మీ. కదులుతుంది. మరల మీద ఇసుక ఉంటే రింగు పట్టేస్తుంది, బ్రష్‌తో శుభ్రం చేసి తిప్పండి.

8. రబ్బరు బుష్ ఉన్న ఏ బోల్టునీ చక్రాలు వేలాడుతుండగా ఆఖరి టార్క్‌కి బిగించొద్దు. బుష్ లోపలి స్లీవ్ ఆ కోణంలోనే పట్టుకుపోతుంది. బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలి తిరిగి నిలబడుతుంది, ఎత్తు కొన్ని మి.మీ. ఎక్కువ చూపిస్తుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. హబ్ కింద జాక్ పెట్టి, హబ్ నుంచి ఫెండర్ దాకా మీకు కావలసిన కొత్త అంకె వచ్చేదాకా ఎత్తి, అప్పుడు బిగించండి. బండి స్టాండ్ మీంచి లేవకుండా చూసుకోండి. అయిదు ఆర్మ్‌లున్న వెనక సస్పెన్షన్‌లో ప్రతి ఆర్మ్ రెండు కొసలకీ ఇదే వర్తిస్తుంది. దించాక బండి గట్టిగా కొడుతోందనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం స్ప్రింగ్ కాదు, ఈ తప్పిన అడుగు.

9. టైరు, స్ట్రట్ పెర్చ్ మధ్య 4 నుంచి 5 మి.మీ. మిగలాలి. క్యాంబర్ ప్లేట్‌తో స్ట్రట్ పై కొసని లోపలికి జరిపితే చక్రం కూడా దానితోపాటే వాలుతుంది కాబట్టి ఈ సందు మారదు. స్ట్రట్ కింది బోల్టుల దగ్గర వాల్చితే మాత్రం టైరు స్ట్రట్ మీదికి వస్తుంది.

యాంటీ రోల్ బార్ లింక్‌లని చివర్లో, బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాక తగిలించండి. లింక్ బోల్టు రంధ్రంలోకి చేత్తో జారాలి. తోయాల్సి వస్తే పొట్టి లింక్ వేయండి, లేకపోతే బార్ ఒకవైపుకి మెలిపడి ఉంటుంది. దించిన బండిలో బార్ పైకి తిరిగి డ్రైవ్ షాఫ్ట్‌ని రాసే అవకాశం ఉంది. టార్చ్ వేసి చూడండి.

ఒరుసుకుంటుందో లేదో తెలుసుకోవడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు ఒక చక్రం కింద జాక్‌తో బంప్ స్టాప్ నొక్కుకునేదాకా ఎత్తి చూడండి. ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌లో పొడుచుకొచ్చిన స్క్రూ తలే ముందు టైరుని కోసేది.

అలైన్‌మెంట్

రోడ్డుకి: ముందు క్యాంబర్ మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, వెనక మైనస్ 1.5 నుంచి 2, ముందు టో సున్నా లేదా రవ్వంత లోపలికి, వెనక ఒక్కో వైపు 0.1 నుంచి 0.2 డిగ్రీ లోపలికి. ట్రాక్‌కి: ముందు మైనస్ 2.5 నుంచి 3.5, వెనక మైనస్ 2 నుంచి 2.5, ముందు టో సున్నా నుంచి కొద్దిగా బయటికి, వెనక టో లోపలికే ఉండాలి. లోపలి అంచు త్వరగా అరిగిందంటే క్యాంబర్ మీద కోపం తెచ్చుకునే ముందు టో చూడండి. మైనస్ 2 డిగ్రీల క్యాంబర్‌తో టో సరిగా ఉన్న టైరు చాలాకాలం నడుస్తుంది. టో చెడితే లోపలి అంచు కొన్ని వేల కిలోమీటర్లలో నార తేలుతుంది.

ట్రాక్ మీద క్యాంబర్ చాలిందో లేదో టైరే చెబుతుంది. పిట్‌లోకి రాగానే సూది థర్మామీటర్‌ని రబ్బరులోకి గుచ్చి లోపల, మధ్య, బయట మూడుచోట్ల వేడి చూడండి. లోపలి అంచు బయటి అంచు కంటే 5 నుంచి 10 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటే బాగుంది. బయటి అంచే వేడిగా ఉంటే ఇంకా క్యాంబర్ కావాలి. అదే చేత్తో జిప్ టై కూడా చూడండి. బంప్ స్టాప్ పూర్తిగా నలగడానికి ఇంకా 10 మి.మీ. మిగిలితే ఆ ఎత్తు ఉంచొచ్చు. ఏమీ మిగలకపోతే బండిని ఎత్తాలి, లేదా గట్టి స్ప్రింగ్ వేయాలి.

కాయిలోవర్ వేసినవాళ్లు నాలుగు తూకం యంత్రాల మీద మూలల బరువు సరిచేయాలి. డ్రైవరు సీట్లో మీ బరువంత బస్తా, సగం ట్యాంకు, బార్ లింక్ ఒకవైపు విప్పి ఉండాలి, యంత్రాలు ఒకే మట్టంలో ఉండాలి. కుడి ముందు, ఎడమ వెనక బరువు కలిపితే మొత్తంలో 50 శాతం, అటూ ఇటూ అర శాతం. ఒక మూల పెర్చ్ ఎత్తితే ఆ మూలా దానికి ఐమూలగా ఉన్న మూలా బరువెక్కుతాయి. ఒక్క మూలనే ఎక్కువ తిప్పితే ఎత్తు చెడుతుంది కాబట్టి నాలుగు చోట్లా కొంచెం కొంచెం తిప్పండి.

తిరిగాక

50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత చక్రం బోల్టులు మళ్లీ టార్క్ చూడండి. కొత్త స్ప్రింగ్‌లు మొదటి 300 నుంచి 500 కిలోమీటర్లలో మరికొన్ని మిల్లీమీటర్లు కుంగుతాయి. అందుకే మొదటిరోజు టో మాత్రం సరిచేయించుకుని, పూర్తి అలైన్‌మెంట్ ఆ తర్వాత చేయించండి. ఎత్తు సెన్సర్లని డయాగ్నొస్టిక్ టూల్‌తో కొత్త సున్నాకి సెట్ చేయించాలి. లేకపోతే తోక దిగిందనుకుని హెడ్‌లైట్లు అవసరానికి మించి కిందికి వాలుతాయి, దూరం కనబడదు. ముందు కెమెరా, రాడార్ ఉన్న బండికి వాటి క్యాలిబ్రేషన్ కూడా అప్పుడే చేయించాలి. ఎత్తు మార్పుకి మీ ప్రాంతపు వాహన నిబంధన ఏమంటుందో, బీమా కంపెనీకి చెప్పాలో లేదో పని మొదలుపెట్టకముందే తెలుసుకోవాలి.

శబ్దాలు వింటే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఆగి ఉండి స్టీరింగ్ తిప్పితే టంగుమని మోగితే స్ప్రింగ్ సీటులో పట్టి జారుతోంది: టాప్ మౌంట్ బేరింగ్ తలకిందులుగా పడింది, లేదా కొస గాడిలో లేదు. చిన్న గతుకుల్లో టకటకమంటే ముందు బార్ లింక్ నట్టు, ఆ తర్వాత స్ట్రట్ పై నట్టు చూడండి. నెమ్మదిగా ర్యాంపు దిగేటప్పుడు ఒక వెనక చక్రం గాల్లో తేలగానే డబ్‌మని వస్తే స్ప్రింగ్ వదులై మళ్లీ కూర్చుంటోంది. దానికి పొట్టి షాక్ గానీ, ప్రధాన స్ప్రింగ్ మీద సన్నటి హెల్పర్ స్ప్రింగ్ గానీ వేస్తే పోతుంది.